ఉప్పు పాటలో ఉస్సు

పూర్వం ఒక రాజుగారు ఉప్పు కొట్టు తెరిచి, జనం ఎగబడేలా పాట కట్టమని ఆస్థాన విద్వాంసుడు శరభయ్యకు చెప్పారు. శరభయ్య వీధిలో ఉప్పమ్ముకునే పైడమ్మ కేకను ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి, తన పాటేనని సభలో పాడాడు. మధ్యలో వచ్చే "ఉస్సు" దగ్గర రాజుగారు మురిసిపోయి, ఇకపై ఆ పాట వీధిలో ఎవరూ పాడకూడదని దండోరా వేయించారు.

నోరు కట్టేస్తే బేరమెలాగని పైడమ్మ గంపతోనే సభకొచ్చింది.

"నా కేకే అది. ఆ ఉస్సు ఎందుకొచ్చిందో అయ్యగారినే చెప్పమనండి బాబూ."

"అది గమకం," అన్నాడు శరభయ్య. అన్నాక చెవులు వేడెక్కాయి.

"అయితే ఈ గంప నెత్తిన పెట్టుకుని పాడమనండి. ఉస్సు అనకుండా."

రాజుగారు సరేనన్నారు. రెండో చరణానికే శరభయ్య మెడ వాలింది. ఎంత బిగబట్టినా సరిగ్గా ఆ చోటే ఉస్సు బయటపడింది.

"గమకం బరువుగానే ఉన్నట్టుంది. పాట పైడమ్మదే," అన్నారు రాజుగారు.

సభ గొల్లున నవ్వింది. శరభయ్య గంప దించుకోబోయాడు, చేత కాలేదు.

"వంగండయ్యా, నేను పట్టుకుంటాను. ఇది ఒక్కరి వల్ల దిగేది కాదు," అంది పైడమ్మ మెల్లగా.

శరభయ్య ఆమె ముందు వంగాడు. తరవాత కళ్లు తుడుచుకుంటూ, ఉప్పు పడిందని అందరికీ చెప్పుకున్నాడు.