సగం ధర చీటీ

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన కాలంలోనే సింగవరం అనే పట్నం ఉండేది. అక్కడ భూషణం శెట్టిగారికి పెద్ద బట్టల దుకాణం. ఆయన ఒక్కగానొక్క కూతురు పావని. పదహారేళ్ల పిల్ల.

ఆ ఊరి జనానికి కొనడమంటే పిచ్చి. బీరువాలు నిండినా కొనేవారు.

ఒకనాడు దుకాణంలో ఎనిమిది వందల చీరకు పదహారు వందల చీటీ అంటించి, పక్కన "సగం ధరకే" అని రాయడం పావని కంటబడింది. పిల్ల నిర్ఘాంతపోయింది.

"ఇదేమిటి నాన్నా?"

"వ్యాపారం, తల్లీ!"

పావని ఫోనులో, తన పేరు చెప్పకుండా, "ఇక చాలు" అని ఒక పేజీ తెరిచింది. మొదటివారం, "మీరు కట్టని చీరలెన్నో లెక్కపెట్టండి" అని రాసింది. జనం లెక్కపెట్టి నోళ్లు తెరిచారు. రెండోవారం, చెత్తకుప్పలో పడున్న కొత్త చొక్కాల ఫొటో పెట్టింది. ఊరు ఉలిక్కిపడింది. మూడోవారం, పదహారు వందల చీటీ కింద దాగిన ఎనిమిది వందల చీటీని చూపించింది.

మర్నాడు దుకాణం బోసిపోయింది.

శెట్టిగారు మండిపడ్డారు. చీటీలు అంటించేది దస్తగిరి కాబట్టి అనుమానం అతని మీదే పడింది. ముప్పై ఏళ్లుగా అక్కడ చీరలు విప్పి చూపిస్తున్న మనిషి.

"నా ఉప్పు తిని నాకే ద్రోహమా? పో బయటికి!"

"నా బిడ్డల మీద ఒట్టు, నేను కాదు శెట్టిగారూ!"

పావని ఆ మాటలన్నీ విన్నది. తను రాసింది నిజమే. శిక్ష మాత్రం ఎవరికో పడుతోంది! దస్తగిరి గుమ్మం దాటుతుంటే పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"ఆగు మామయ్యా. నాన్నా, అవన్నీ రాసింది నేను."

శెట్టిగారు కుర్చీలో కూలబడ్డారు. "నువ్వా? నా పరువు తీసింది నా కూతురా?"

"పరువు తీసింది ఆ చీటీ నాన్నా. కానీ దాక్కున్నది నేనే. అది నా తప్పు."

దస్తగిరి చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు. శెట్టిగారు లేచి, తన చేత్తోనే పైచీటీలన్నీ పీకేశారు. తెల్లవారగానే దస్తగిరి ఇంటికి నడిచి వెళ్లి, చేతులు జోడించి వెంటబెట్టుకొచ్చారు. ఆ తర్వాత అమ్మకాలు తగ్గాయి గానీ, వచ్చినవాళ్లు నమ్మి వచ్చారు.

కూతురితో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు పిలిచి, "ఆ పేజీకి నీ పేరు పెట్టు" అన్నారు.

పిల్లలూ, నిజం చెప్పడం మంచిదే. ఆ నిజానికి మరొకరు దెబ్బ తింటుంటే ముందుకొచ్చి నిలబడడమే అసలైన ధైర్యం.