చేమంతి పరీక్షకి పరిచిన పూలదారి

రండి, రండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కాస్త లోపలికి జరగండి, చాప మీద ఇంకా చోటుంది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండమ్మా, నవ్వి నవ్వి పడిపోతారు. అన్నవరం సత్యదేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని మొదలుపెడుతున్నాను. తాను తెలివి ఇచ్చినవాళ్ళని ఆ స్వామి చల్లగా చూస్తాడు. ఇవ్వడం మరిచిపోయినవాళ్ళని ఇంకా చల్లగా చూస్తాడు. ఎలాగంటారా, వినండి.

కడియంలో బంతిపూల తోట పెంచే అబ్బులు అని ఒకాయన ఉన్నాడు. భార్య సూరీడమ్మ, తండ్రి గవర్రాజు తాత, ఒక్కగానొక్క కూతురు చేమంతి. కడియం మొత్తంలో తెలివంటే తమదేనని నలుగురికీ నమ్మకం. గేటు మీద 'తెలివి నిలయం' అని పెయింటు కూడా వేయించుకున్నారు. ఆ తెలివి ఎలాంటిదో ఒక్క ముక్క చెబుతాను. తోటకి తెచ్చిన పురుగుమందు డబ్బా మీద 'పిల్లలకు అందకుండా ఉంచండి' అని ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు లేరాయె. మరి ఎవరికి అందకుండా ఉంచాలి? పక్కింటి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, గోడకి నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి, గీత గీసి, ఆ గీతకి జానెడు పైన డబ్బా పెట్టారు. "చూశావా, చదువుకున్నవాళ్ళు కూడా ఇంత పద్ధతిగా చెయ్యరు" అని అబ్బులు మీసం దువ్వుకున్నాడు.

ఈ చేమంతి రాజమండ్రిలో ఒక కాలేజీలో స్పానిష్ భాష, ఆ భాష మాట్లాడే దేశాల ఆచారాలు చదువుతోంది. ఆ పిల్లకి ఆ చదువంటే ప్రాణం. పూలు కోస్తూ అవే మాటలు పాటలా పాడుకునేది. పాపం, నోటి పరీక్ష మాత్రం తప్పింది. ఎలా తప్పిందంటే, స్పానిష్ చెప్పే ఇందుమతి మేడమ్ "భయపడకు, నోరు తెరువమ్మా" అంది. తెరిచింది. గంట కొట్టేదాకా అలా తెరిచే కూర్చుంది.

"మాట్లాడలేదేమే?" అంది సూరీడమ్మ.

"తెరవమన్నారు గానీ మాట్లాడమన్లేదే అమ్మా! అసలే ఆవిడ మొహం చూస్తే నాకు వణుకు."

"నిజమే కదా. అడగందే ఎలా మాట్లాడతావు?" అన్నారు అందరూ.

మేడమ్ మంచి మనిషి. "ఇంకొక్క అవకాశం ఇస్తాను. ఈసారి కూడా తప్పావంటే కాలేజీలో నీ సీటు ఉండదు. భాష పుస్తకంలో ఉండదమ్మా, ఇంట్లో ఉండాలి. ఇంట్లో ప్రతిదాని మీదా దాని స్పానిష్ పేరు రాసి అంటించు. ఆ పేరు పలికాకే దాన్ని ముట్టుకో" అని దారి చూపించింది.

ఇంకేముంది! గంజి కాచి, కాగితాలు చింపి, తలుపు మీద, చెంబు మీద, మంచం మీద, ఆఖరికి గేదె మీద కూడా అంటించేశారు. పేరు పలక్కుండా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని అబ్బులు ఆర్డరేశాడు. స్నానాల గదిలోకి వెళ్ళిన తాతకి తలుపు పేరు గుర్తు రాలేదు. అంతే, లోపలే ఉండిపోయాడు.

"తాతా, పుయెర్తా అను!" అని బయట్నుంచి చేమంతి అరిచింది.

"నాకు పళ్ళు లేవే అమ్మడూ, ఆ మాటకి పళ్ళుండాలి!"

కట్టుడుపళ్ళు బయట చెంబులో ఉన్నాయి. అవి అందించాలంటే తలుపు తియ్యాలి. తలుపేమో లోపల్నుంచి గడియ. తాత ఆ మాట సరిగ్గా పలికేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా గేదె గంజి రుచి తగిలి తన పేరు తానే నాకేసింది. "పేరు లేని గేదెని ఎలా ముట్టుకుంటాం?" అని పాలు పితకలేదు. మళ్ళీ రాసి అంటిస్తే మళ్ళీ నాకింది. వారమంతా ఇంటిల్లిపాదీ నల్ల కాఫీయే తాగారు. అయినా "చదువంటే ఇలా ఉండాలి" అని మురిసిపోయారు.

ఇక అసలు పరీక్ష రోజు దగ్గరకొచ్చింది. ఆ స్పానిష్ మాట్లాడే మెక్సికో దేశంలో నవంబరు నెల మొదట్లో ఒక పండగ చేస్తారట. మనం పెద్దలకి పెట్టుకున్నట్టే అనుకోండి. బల్ల మీద కాలం చేసినవాళ్ళ ఫొటోలు, వాళ్ళకిష్టమైన వంటలు, బంతిపూలు పెడతారు. బయటి నుంచి బల్లదాకా పూలరేకులతో దారి పరుస్తారు. కాలం చేసినవాళ్ళు ఆ దారి పట్టుకుని ఇంటికొస్తారని నమ్మకం. ఎంత చక్కటి ఆచారం చూడండి, ఏ దేశమైనా ప్రేమ ప్రేమే! "అది మీ ఇంట్లో చేసి చూపించు, వచ్చినవాళ్ళతో స్పానిష్‌లో మాట్లాడు. నేను భోజనాల వేళకి వచ్చి చూసి మార్కులేస్తాను" అంది మేడమ్.

బల్ల సిద్ధమైంది. ఫొటో లేదు. ఆ ఇంట్లో కాలం చేసినవాళ్ళెవరూ ఏనాడూ ఫొటో దిగలేదు.

"ఫొటో లేకపోతే మార్కులు రావు నాన్నా" అని చేమంతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకమ్మడూ. తాత ఫొటో ఉందిగా" అని అబ్బులు గవర్రాజు తాత ఫొటో తెచ్చి దండేశాడు. గుత్తొంకాయ కూర, బొబ్బట్లు ముందు పెట్టాడు.

తాత వచ్చి చూశాడు. ఫొటో చూశాడు. దండ చూశాడు. మెల్లగా కూలబడ్డాడు.

"నేనెప్పుడు పోయాన్రా?"

"మీరు బల్ల మీద ఉన్నారు కదా మావయ్యగారూ. ఇంకా అడుగుతారేంటండీ" అంది సూరీడమ్మ.

"ఇంట్లో మనిషికి ఒక్కమాట చెప్పకూడదా? నిన్న రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి కదా!"

ఇంకేముంది, తాత పోయాడని తాతతో సహా అందరూ ఒప్పుకున్నారు. పోయినవాళ్ళు పూలదారిన రావాలి కాబట్టి, కర్ర పట్టుకుని వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఈలోగా అబ్బులుకి ఇంకో సందేహం. "బయటి నుంచి అంటే ఎక్కడి నుంచమ్మడూ?"

"మేడమ్ చెప్పలేదు నాన్నా."

"చెప్పలేదంటే, పూలున్నంత దూరం."

తోట నిండా పూలాయె. అంతే, గంపలకి గంపలు రేకులు దూసి, గుమ్మం నుంచి వీధి, వీధి నుంచి రోడ్డు, రోడ్డు నుంచి బస్టాండుదాకా పరిచేశాడు. అప్పుడే రెండు బస్సులు ఆగాయి. దిగినవాళ్ళు పూలదారి చూసి ఏదో పెళ్ళనుకున్నారు. దారి పట్టుకుని తిన్నగా తెలివి నిలయానికి వచ్చేశారు. అందరికంటే ముందు మన తాత!

సూరీడమ్మ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మో, మనకి ఇంతమంది పెద్దలున్నారా!" అని కళ్ళకద్దుకుని, అందరికీ కాళ్ళకి నీళ్ళిచ్చింది, ఆకులేసింది. సంచి చంకనేసుకున్న ఒక పెద్దమనిషిని అడిగింది:

"తమరు ఎప్పుడు కాలం చేశారండీ?"

"ఏంటమ్మా?"

"మా మావయ్యగారు ఇవాళ పొద్దున్నే చేశారు. అదిగో, మీ పక్కనే బొబ్బట్టు తింటున్నారు."

పెద్దమనిషి పక్కకి చూశాడు. తాత నమస్కారం పెట్టాడు. ఆయన సంచి వదిలేసి గోడ దూకాడు. మిగిలినవాళ్ళు మాత్రం గుత్తొంకాయ బాగుందని కదల్లేదు.

సరిగ్గా అప్పుడే, అదే పూలదారి మీద, గొడుగేసుకుని ఇందుమతి మేడమ్ వచ్చింది.

సూరీడమ్మ ఒక్క కేక పెట్టింది. "అయ్యో మేడమ్ గారూ! మీరు కూడానా? మొన్ననే కదమ్మా మా పిల్లకి పాఠం చెప్పారు!"

"ఏమైందండీ? నేను బతికే ఉన్నాను!"

"ఇందాకట్నుంచీ వచ్చినవాళ్ళందరూ అదే అంటున్నారమ్మా" అని సూరీడమ్మ ముక్కు చీదింది.

తాత ఓదార్చాడు. "మొదట నేనూ ఒప్పుకోలేదు తల్లీ. కాస్త అలవాటైతే బాగానే ఉంటుంది. ఆకలి మాత్రం తగ్గదు."

చేమంతి మేడమ్ దగ్గరకి పరిగెత్తింది. మేడమే పోతే మార్కులేసేదెవరు? సీటు ఉండేదెలా? కానీ చూడండి, ఆ స్వామి లీల! బతికున్న మేడమంటే వణుకు గానీ, పోయిన మేడమంటే భయమెందుకు? జాలి తప్ప. అంతే, పిల్ల మేడమ్ చేతులు పట్టుకుని స్పానిష్‌లో అందుకుంది. గోదారి పొంగినట్టు మాటలే మాటలు! మీరు నేర్పిన మాటలు పూలతోటలో పాడుకుంటున్నానంది. మీ కోపం కూడా నాకిష్టమేనంది. ఈ దారి మీకోసం మా నాన్న పరిచాడు, అన్నం తినండి, అలిసిపోయి వచ్చారు, వెళ్ళేముందు మాత్రం నాకు మార్కులు వేసి వెళ్ళండి అంది. ఒక్క తడబాటు లేదు.

మేడమ్ నవ్వలేక, ఏడవలేక, పిల్లని దగ్గరకి తీసుకుంది. "పాసయ్యావే పిచ్చిపిల్లా! నూటికి తొంభై!" అని, ఆకు ముందు కూర్చుని సుబ్బరంగా తిని వెళ్ళింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. తెలివి నిలయం కదా, అవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు కాలేజీకి పరిగెత్తాడు. ప్రిన్సిపాల్ గారి ముందు చేతులు కట్టుకుని, "పోయినావిడ వేసిన మార్కులు చెల్లుతాయాండీ?" అన్నాడు.

"పోయినావిడ ఎవరు?"

"ఇందుమతి మేడమ్ గారండీ. నిన్న మధ్యాహ్నం మా ఇంట్లోనేనండీ."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. మేడమ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కిక్కిరిసిన బస్సులో నిలబడ్డ మనిషి ఎలా ఎత్తుతుంది? అంతే, గంట కొట్టించాడు. కాలేజీ అంతా మైదానంలో తలలు వంచుకుని మౌనంగా నిలబడింది. అప్పుడే బస్సు దిగి గబగబా వచ్చిన మేడమ్, ఎవరో పోయారనుకుని, చెప్పులు విడిచి, అబ్బులు పక్కనే తల వంచి నిలబడింది. కళ్ళు కూడా తుడుచుకుంది. మౌనం అయ్యాక మెల్లగా అడిగింది:

"ఎవరండీ, పాపం?"

"మీరేనండీ" అన్నాడు అబ్బులు.

మేడమ్ తన చెయ్యి తనే గిల్లి చూసుకుంది. అబ్బులు మాత్రం ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, "చూశారాండీ! తన సంతాప సభకి తనే వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్న మహాతల్లి. ఇలాంటి మనిషి వేసిన మార్కులు చెల్లవంటారా?" అన్నాడు.

చెల్లాయి నాయనా, చెల్లాయి. చేమంతి సీటుకి ఢోకా లేదు.

వెళ్ళేముందు ఈ ఒక్క పని మనసులో పెట్టుకోండమ్మా: పూలదారిన వచ్చినవాళ్ళెవరో తెలియకపోయినా, సూరీడమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి ఆకులేసింది. రేపు మీ గుమ్మంలోకి ఎవరొచ్చినా మీరూ అలాగే చెయ్యండి, పదిమందికీ చెప్పండి. ఎప్పుడు కాలం చేశారని మాత్రం అడక్కండి, వాళ్ళకి అన్నం సయించదు.