దివానుగారి గడ్డం, పాప చిక్కుజుట్టు

జమీందారుగారి మూడేళ్ల మనవరాలికి పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. మొక్కు తీరేదాకా కత్తెర తగలకూడదు. పట్టుదారంలాంటి ఆ జుట్టేమో పూటపూటకీ చిక్కుపడేది. దాది నూకాలు నూనె రాసి, కొసల నుంచి ఓపిగ్గా చిక్కు తీసేది.

అది దివానుగారి కంటబడింది.

"కొసల నుంచి దువ్వడం కూలివాళ్ల పద్ధతి. కోటలో మాడు నుంచి కిందిదాకా ఒక్క ఊపున దువ్వాలి. పాప ఏడ్చిందో, నీ పని ఊడుతుంది" అన్నారాయన, గుబురు గడ్డం నిమురుకుంటూ.

"ఆ ఊపు నాకు తెలీదయ్యా. ముందు మీ గడ్డం మీద నేర్చుకుంటాను."

దివానుగారు మురిసిపోయి గడ్డం అప్పగించారు. నూకాలు పైనుంచి ఒక్క ఊపున దువ్వింది. ఆయన కేకకి కోట మీది పావురాలు ఎగిరిపోయాయి. కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఇప్పుడు నా పని ఊడినట్టేనా అయ్యా?" అంది నూకాలు, మళ్లీ దువ్వెన ఎత్తుతూ.

"కొసల నుంచే దువ్వు" అన్నారు దివానుగారు, గడ్డాన్ని రెండు చేతులా దాచుకుని.