ఎరుపు పడే చోటు

ఆ వారమంతా యోస్ట్‌కి ముద్ద దిగలేదు. మఠంలో వంట చూసే సన్యాసి రెండుసార్లు వచ్చి నుదురు పట్టుకుని చూశాడు. జ్వరం లేదు. ఉన్నదల్లా ఒక కిటికీ గురించిన దిగులు.

మోజెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య ఉన్న చిన్న మఠం అది. అక్కడి ప్రార్థనాలయం దక్షిణపు గోడకి పెద్ద రంగుటద్దాల కిటికీ ఉండేది. తెరిచి మూసే కిటికీ కాదు. నేల నుంచి మనిషెత్తున మొదలై పైకప్పు దాకా సీసపు పట్టీలతో అతికిన అద్దాల బొమ్మలు. పైన నీలపు ఆకాశంలో దేవదూతలు. కింద మామూలు మనుషులు, ఏ నెల పని ఆ నెల చేసుకుంటూ. చలినెలలో పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకున్న ముసలాడు, గడ్డి కోసేవాడు, తొట్టిలోకి దిగి ద్రాక్షపళ్ళు తొక్కేవాడు.

యోస్ట్ ఆ బొమ్మల కిందే పెరిగాడు. వాళ్ళమ్మకి చదువు రాదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరికి వచ్చింది గనక! ఆదివారం పూట వాణ్ణి చంకనేసుకొచ్చి, ద్రాక్షపళ్ళు తొక్కేవాణ్ణి చూపించి "అడుగో, మీ నాన్న" అనేది. తండ్రి వీడు పుట్టకముందే పోయాడు. అందుకని యోస్ట్‌కి తండ్రంటే నీలం టోపీ, మోకాళ్ళ దాకా ఎర్రటి రసం, పసుపురంగు గడ్డం. తర్వాత మఠంలో చేరాక, ఆ బొమ్మ చేసిన వోల్మార్ దగ్గరే అద్దం కోయడం నేర్చుకున్నాడు. మొదటిరోజు ఆయన చేతులకేసి కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయాడు. "చేతుల్లో ఏముందిరా, పనిముట్టు చూడు" అని వోల్మార్ నెత్తిమీద ఒకటిచ్చాడు.

అప్పట్లో ప్రార్థనాలయంలో బల్లలు ఉండేవి కావు. జనం నిలబడేవాళ్ళు, తిరిగేవాళ్ళు, ఒక బొమ్మ దగ్గర్నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి పిల్లల్ని లాక్కుపోయేవాళ్ళు. ఎవరి వెనకో కుక్క కూడా లోపలికొచ్చేది. అందరి తలలూ పైకే ఉండేవి. అందరి మొహాల మీదా అవే రంగులు పడేవి.

ఆ తర్వాత నదిమీద పడవల్లో పుస్తకాలు రావడం మొదలైంది. చేత్తో రాసినవి కావు, అచ్చేసినవి. ఒకప్పుడు మఠంలో గొలుసేసి కట్టేసిన పుస్తకం ఇప్పుడు రొట్టెల దుకాణంలో పిండి సంచి పక్కన కనిపిస్తోంది. జనం అక్షరాలు నేర్చారు. కూర్చుని చదువుకోవాలి కనుక బల్లలొచ్చాయి. పైకి ఉండే తలలు కిందికి వాలాయి. ఎవరి పుస్తకం వాళ్ళది, ఎవరి పేజీ వాళ్ళది, ఎవరి పెదాలు వాళ్ళకి కదులుతాయి. ఆ గొణుగుడు వింటే యోస్ట్‌కి, ఇంతమంది మధ్యా ఎవరూ లేనట్టు ఉండేది.

రొట్టెలు కాల్చే ఎల్స్‌బెత్ ఒక ఆదివారం ప్రార్థన కాగానే మఠాధిపతిని గుమ్మంలోనే పట్టుకుంది. మొగుడు పోయాక దుకాణం ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. ఎవరికీ భయపడేది కాదు.

"నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నానయ్యగారూ, మా అల్లుడి చేత నవ్వించుకుని మరీ నేర్చుకున్నాను. ఇంట్లో బాగానే చదువుతాను. ఇక్కడికొస్తే ఒక్క ముక్క కనపడదు. ఓ పేజీ నీలం, ఓ పేజీ ఎరుపు. దేవుడి మాట దేవుడి ఇంట్లోనే చదవలేకపోతే ఎట్లా చెప్పండి?"

ఆవిడ వెనకాల ఇంకో పదిమంది తలలూపారు. మఠాధిపతికీ కళ్ళు మసకబారే వయసే. కోతలు మొదలయ్యేలోగా రంగుటద్దాలు దింపి తెల్లటద్దాలు పెట్టాలని తీర్మానమైపోయింది. పని యోస్ట్‌ది. చెయ్యనంటే పట్నం నుంచి పనివాళ్ళొస్తారు. వాళ్ళు బొమ్మలు చూసే రకం కాదు. సుత్తితో కొట్టి, సీసం ఏరుకుని పోతారు.

యోస్ట్ దిగులు కిటికీ గురించే అయితే ఎలాగో మింగేసేవాడు. అసలు దిగులు గురువు గురించి.

వోల్మార్ కళ్ళకి శుక్లాలు వచ్చాయి. మనిషి మొహం కనపడదు, మెట్టు కనపడదు, పళ్ళెంలో ఏముందో కనపడదు. కనిపించేది ఒక్కటే, రంగు. రోజూ పొద్దెక్కాక గోడ పట్టుకుని నడిచి వచ్చి, కిటికీ వెలుగు పడే చోట పీట వేసుకుని కూర్చుంటాడు. రెండు చేతులూ ముందుకు చాపుతాడు. ఒక చెయ్యి ఎరుపులో, ఒకటి నీలంలో. "ఇవాళ పల్చగా మబ్బుందే" అంటాడు. బయటికెళ్ళి చూస్తే నిజంగానే మబ్బుంటుంది.

ఆ చేతులు చాపిన చోట ఇక ఏమీ ఉండదన్న మాట తలుచుకుంటేనే యోస్ట్‌కి ముద్ద దిగలేదు.

చివరికి ఓ పొద్దున పనిగదిలో గురువు ఎదుట నిలబడ్డాడు.

"నేను దింపను గురువుగారూ."

"ఏం?"

"అది మీరు చేసింది."

"చేసినప్పుడు నిన్నడిగి చేశానా?"

"నవ్వులాట కాదు. నన్ను మఠంలోంచి పొమ్మన్నా సరే. మీకు ఈ లోకంలో కనిపించేది అదొక్కటి. అదీ నా చేత్తో తీసేసి... చెప్పండి. నన్నేం చెయ్యమంటారు?"

వోల్మార్ లేచి గోడ తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళాడు.

"నిచ్చెన ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

యోస్ట్ వద్దు వద్దంటూ వెనకాలే పరుగెత్తాడు. అప్పటికే ముసలాయన అంగీ నడుంలోకి దోపుకుని, పరంజా నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. ఇక యోస్ట్‌కి చేసేదేముంది? పడితే పట్టుకోవడానికి వెనకాలే ఎక్కాడు. పడలేదు. పైకెళ్ళాక వోల్మార్, అద్దాల పలకల్ని ఇనపకడ్డీకి కట్టిన తీగముళ్ళు వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

"ఈ ముడి వేసినవాణ్ణి తన్నాలి. తొందరపడ్డాడు."

"ఎవరేశారు?"

"నేనే" అని ఆ ముడి విప్పడం మొదలుపెట్టాడు.

మొదటి పలక ఆయనే దింపాడు. నీలపు ఆకాశంలో ఒక మూల. గోడలో చిల్లు పడి, అందులోంచి గాలి లోపలికి కొట్టింది. యోస్ట్ ఆ పలకని అందుకుని, గడ్డి పరిచిన పెట్టెలో పడుకోబెట్టాడు. రెండోది అందుకున్నాడు. మూడోదానికి ముడి తనే విప్పాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే తెలియదు.

అలా రోజుకి కొంత, పైనుంచి కిందికి దిగుతూ వచ్చారు. ద్రాక్షపళ్ళు తొక్కేవాడి పలక వచ్చినరోజు యోస్ట్ దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొహం అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కింద నుంచి నవ్వుతున్నట్టు కనిపించేవాడు. దగ్గరగా చూస్తే నవ్వు లేదు, పనిలో ఉన్నాడంతే. వోల్మార్ తొందరపెట్టలేదు.

అంచుల్లోకి వచ్చారు. చుట్టూ ఆకుల తీగ, పసుపూ ఆకుపచ్చా. అందులో ఎడమ పక్క మూలన యోస్ట్ చెయ్యి ఒక ముక్క దగ్గర ఆగింది. ఆకు ఆకారంలోనే ఉంది కాని ఎర్రటిది. మిగతా అద్దం కంటే మందం. లోపలంతా బుడగలు. పనిముట్టుతో అంచు కొరికి సరిచేసిన తీరు వేరు. ఇన్నేళ్ళు కిందనుంచి చూసినా అది పట్టుబడలేదు.

"గురువుగారూ, ఇక్కడొక ముక్క..."

"ఎర్రదా?"

"అవును."

"అది నాది కాదు."

ముసలాయన పరంజా మీదే కూర్చుని కాళ్ళు కిందికి వదిలాడు.

"ఈ కిటికీకి ముందు ఇక్కడ ఇంకో కిటికీ ఉండేది. మా గురువు బెర్తోల్ట్‌కి గురువైన ఆయన చేసింది. అంతా ఎరుపూ నీలమే. మట్టమధ్యాహ్నం కూడా లోపల దీపం కావాలి. అప్పటి పెద్దమనుషులు మొహాలు కనపడటం లేదన్నారు. అద్దం మీద పసుపు కాల్చే పద్ధతి మా వైపుకి అప్పుడే కొత్తగా వచ్చింది. అందరికీ అదే కావాలి, బంగారు జుట్టు, తెల్లటి మొహాలు. మా గురువు పాతది దింపేశాడు. నేను కింద నిలబడి ఏడ్చాను. ఆ ఎరుపు కింద మా అమ్మ నన్ను ఎత్తుకుని నిలబడేది మరి."

యోస్ట్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"దాని చోట నేను ఇది చేసి పెట్టాక ముసలి సన్యాసులు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇది ప్రార్థనాలయమా, సంతా అన్నారు. ఒకాయన అయితే బతికినన్నాళ్ళూ దీనికింద తలమీది ముసుగు ముక్కుదాకా లాక్కునే కూర్చున్నాడు. ఇంత వెలుగులో దేవుడు ఎక్కడ దాక్కుంటాడని ఆయన బాధ."

ముసలాయన ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. యోస్ట్‌కి నవ్వు రాలేదు. సృష్టి మొదలైన నాటి నుంచీ ఉందనుకున్న కిటికీ, ఒకప్పుడు సంత. అమ్మ చూపించిన నాన్న, ఎవరో చూడలేక ముసుగు లాక్కున్న కొత్త బొమ్మ.

"మరి మీ ఏడుపు ఎలా ఆగింది?"

"ఎలా ఆగుతుంది? మా గురువు నన్ను నిచ్చెన ఎక్కించాడు" అన్నాడు వోల్మార్, ఆ ఎర్రముక్క కోసం చెయ్యి చాపుతూ.

తెల్లటద్దాలు పెట్టే పని యోస్ట్ ఒక్కడే చేశాడు. చిన్న చిన్న నలుచదరపు పలకలు, అన్నీ ఒకే కొలత. బుడగ లేకుండా, గీత లేకుండా వచ్చాయి. మొదట పళ్ళు కొరుక్కుంటూ చేశాడు. పోనుపోను, ఒక్కో పలక ఎండకి ఎత్తిపట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు. తన పని తనకే నచ్చుతున్నందుకు సిగ్గేసింది కూడా. పలకలు బిగిస్తూ ఉంటే వాటిలోంచి గోడ అవతల ఉన్నది కనిపించింది. ఎదురుగా కొండ, కొండమీద తోట, తోటలో తట్టలు మోస్తున్న మనుషులు. ఇన్నేళ్ళుగా ఈ గోడ వెనక ఏముందో లోపల కూర్చున్నవాళ్ళెవరూ చూడలేదు.

చివరికి ఎడమ పక్క మూలన ఒక్క పలక మిగిలింది. వోల్మార్ వచ్చి, అంగీ జేబులోంచి ఎర్రముక్క తీసి యోస్ట్ అరచేతిలో పెట్టాడు.

"ఇది అక్కడ పెట్టు."

"మఠాధిపతి ఊరుకోరు."

"ఆయన కళ్ళకి అంత చిన్నది ఆనదులే."

యోస్ట్ ఆ ముక్కని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "గురువుగారూ, దీని పక్కన మీదీ ఒకటి పెడతాను. ద్రాక్షపళ్ళు తొక్కేవాడి గడ్డంలోది. పసుపు. ఎవరికీ తెలియకుండా..."

"వద్దు. నాది దాచిపెట్టు, నీ కిటికీ దించే రోజున పనికొస్తుంది."

యోస్ట్ తలెత్తి తన తెల్లటద్దాలకేసి చూశాడు. వాటి చుట్టూ సీసం ఇంకా మెరుస్తూనే ఉంది. తర్వాత ఆ ఎర్రముక్కకి సరిపడా చుట్టూ తెల్లటద్దం కోసి, అతికించాడు.

కోతలు మొదలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ప్రార్థనాలయం నిండిపోయింది. లోపలికి అడుగుపెట్టినవాళ్ళు పెట్టినట్టే కళ్ళు చిట్లించుకున్నారు. గోడల మీద ఎన్నాళ్ళ మసో బయటపడింది. తర్వాత అందరూ కూర్చుని పుస్తకాలు తెరిచారు. ఎల్స్‌బెత్ ముందు వరసలోనే కూర్చుంది. ఇన్నాళ్ళూ లాగి లాగి చదివిన మనిషి వేలు వరసమీద చకచకా పోతోంది. ఆ వేలిని చూస్తే యోస్ట్‌కి కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు.

వోల్మార్ ఎప్పటిచోటే పీట వేసుకుని, అలవాటు కొద్దీ చేతులు చాపాడు. తెల్లటి వెలుగు పడింది. అవి ఉట్టి చేతులు, ముడతలు పడి, పాత గాట్లతో. ముసలాయన ఆ చేతులు మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు.

పొద్దు కొంచెం పైకి వచ్చింది.

"పడిందా?" అన్నాడు వోల్మార్ గుసగుసగా.

యోస్ట్ వెతికాడు. అరచెయ్యంత ఎరుపు, బల్లల మధ్య నేలమీద పాకుతూ వచ్చి, ముందు వరస ఎక్కింది.

"పడింది."

"ఎక్కడ?"

"ఎల్స్‌బెత్ పుస్తకం మీద."

అన్నాక యోస్ట్ ఉండబట్టలేకపోయాడు. "ఆవిణ్ణి పక్కకి జరగమంటాను. మీ పీట అక్కడ వేస్తాను, రండి."

"కూర్చో. ఏం చేస్తోంది ఆవిడ?"

ఎల్స్‌బెత్ చదవడం ఆపి పేజీని చూస్తోంది. మరక పడిందనుకుందేమో, వేలితో తుడిచింది. పోలేదు. తలెత్తి కిటికీకేసి చూసింది. ఆవిడ కూడా ఒకప్పుడు అమ్మ చంకలో ఆ గోడ కిందికి వచ్చిన పిల్లే. కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏం చేస్తోందిరా?"

"పుస్తకాన్ని తెలుపులోకి జరుపుకుంది గురువుగారూ." యోస్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఎడమచెయ్యి మాత్రం ఎరుపులోనే ఉంచింది."

వోల్మార్ తలూపాడు.

"చదువుకోనీ" అన్నాడు.