వన్నూరమ్మ పెట్టిన గడియ

అనగనగా ఒక ఊళ్ళో, దూదేకుల వాళ్ళ వీధిలో, ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళటమ్మా. పెద్దావిడ వన్నూరమ్మ, చిన్నావిడ జమాలమ్మ. మగవాళ్ళు దూది ఏకేవాళ్ళు, ఆడవాళ్ళు పరుపులు కుట్టేవాళ్ళు. కాళ్ళు ఆడించకుండా విను మరి.

ఆ ఇంట్లో ఒక పిల్లి. కళ్ళు తెరవని కూనగా దొడ్లో దొరికితే, వన్నూరమ్మే దూది వత్తి పాలల్లో ముంచి దాని నోటికి పెట్టి పెంచింది. పిల్లాపాపా లేని మనిషి, దానిమీదే ప్రాణం పెట్టుకుంది.

అప్పుడు జమాలమ్మ కాపరానికి వచ్చింది. పిల్లి కాస్తా అటు తిరిగింది. మొదట ఆవిడ పోసే పాలకి మరిగింది. ఆ తర్వాత ఆవిడ నమాజు చాప మీద పడుకోవడం మొదలెట్టింది. ఆ తర్వాత ఏకంగా ఆవిడ గదిలోనే మూడు పిల్లల్ని పెట్టింది. ఎందుకంటావా? పిల్లిని కారణం అడిగినవాళ్ళు ఎవరే!

వన్నూరమ్మకి ఒళ్ళు భగ్గుమంది. పెంచింది నేను, ముద్దులాడేది ఆ జమాలమ్మా అని కుళ్ళిపోయింది. పరుపు కుడుతుంటే సూది వేలికి దిగినా తెలియలేదు.

అవి రంజాను రోజులు. ఒకనాడు తెల్లవారుజామున అందరూ ఉపవాసం పట్టేముందు సహరీ తిని లేచారు. అప్పుడు పిల్లి విస్తరాకు నాకుదామని వచ్చింది. వన్నూరమ్మ దాన్ని చటుక్కున పట్టుకుని, దూదికొట్లో పడేసి, గడియ పెట్టింది. ఇక జమాలమ్మ దగ్గరికి ఎలా పోతావో చూస్తాను అనుకుంది.

మధ్యాహ్నం నమాజు వేళకి పిల్లి తలుపు గీకింది. వన్నూరమ్మ విననట్టే ఊరుకుంది.

ఆ తర్వాత సాయంత్రం నమాజు వేళకి జమాలమ్మ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, మన పిల్లిని చూశావా? పిల్లలు అరిచీ అరిచీ ఊరుకున్నాయి. చిన్నది కదలడం లేదు."

'మన' అనేసరికి వన్నూరమ్మకి ఇంకా మండింది. నాకేం తెలుసు, నేనేమన్నా దానికి కాపలానా అంది. రోజా ఉపవాసం ఉండి అబద్ధం ఆడేసిందమ్మా, అసూయ అలాంటిది.

అప్పుడు పొద్దు గుంకే వేళయింది. అత్తగారు హుస్సేనమ్మ ఖర్జూరాలూ నీళ్ళూ పెట్టుకుని కూర్చుంది. వన్నూరమ్మ నాలుక పిడచకట్టుకుపోయింది. మసీదులో అజా పిలుపు వినబడగానే ఖర్జూరం అందుకుంది. సరిగ్గా అప్పుడే మళ్ళీ దూదికొట్టు తలుపు గీకిన చప్పుడు. ఈసారి నీరసంగా.

ముసలావిడకి అంతా అర్థమైంది. కేకలెయ్యలేదు.

"వన్నూరూ, పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, పురుగో పుట్రో తిని బతకమని వదలనూ వదలక చంపినావిడ నరకానికి పోయిందని ప్రవక్త చెప్పిన హదీసులో వినలేదుటే? నీ రోజా ఈ పూటకి అయిపోయింది. లోపల పస్తున్న దానికి అజా ఎవరు పిలవాలి?"

వన్నూరమ్మ చేతిలో ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. పరుగెత్తి గడియ తీసింది. పాలగిన్నె ముందు పెట్టింది. పిల్లి పాలవంక చూడలేదు, ఆవిడవంకా చూడలేదు. నేరుగా పిల్లల దగ్గరికి పోయి ఒరిగి పడుకుంది.

ఆ తర్వాత రెండు కూనలు పాలు అందుకున్నాయి. మూడోది కదల్లేదు. వన్నూరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని నోటితో ఆవిరి ఊదింది, వీపు రుద్దింది, తల్లి పొట్టకి ఆనించింది.

"గడియ పెట్టింది నేనే జమాలూ" అని భోరుమంది.

ఎంతో సేపటికి కూన మూతి కదిపింది, చప్పరించింది. అప్పుడు గానీ వన్నూరమ్మ గుక్కెడు నీళ్ళు తాగలేదు.

ఏమిటీ, పిల్లి మళ్ళీ వన్నూరమ్మ దగ్గరికి వచ్చిందా అనా? రాలేదే తల్లీ. జమాలమ్మ దగ్గరే ఉండిపోయింది. వన్నూరమ్మకి చూసినప్పుడల్లా కడుపు మండేది. మండుతూనే, రోజూ పాలగిన్నె తనే మోసుకెళ్ళి జమాలమ్మ గుమ్మంలో పెట్టి వచ్చేది.

కథ పోయింది కంచికి,
పిల్లి పోయింది పాలకి,
నువ్వు పోవే నిద్దరకి.