కారు సామి

పన్నెండేళ్ళయింది. ఓబులేసుకు ఇంకా బోధ దొరకలేదు.

కుళ్ళాయప్ప స్వామి అచల గురువు. అచలమంటే కదలనిది. వచ్చేవాటికీ పోయేవాటికీ అవతల, ఎప్పుడూ ఉన్నచోటే ఉండేది ఒకటుందనీ, అది గురువు నోటి నుంచి వింటేనే తెలుస్తుందనీ ఆ దారివాళ్ళ నమ్మకం. ఆ వినిపించడాన్నే బోధ అంటారు. పెన్న ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కూడా బోధ తీసుకుని, ఊళ్ళకు పోయి, అరుగుల మీద కూర్చుని పదిమందికి చెప్పేంతవాళ్ళయ్యారు. ఓబులేసు మాత్రం గంజి కాస్తూ, వాకిలి ఊడుస్తూ, స్వామి కాళ్ళు పిసుకుతూ ఉండిపోయాడు.

ఇంతకీ కదలనిదాని గురించి చెప్పే ఈ స్వామికి ఒక కారుంది. బోధ తీసుకోకముందు ఆయన లారీ డ్రైవరు. కారు పాత డీజిలు బండి. తెల్లకారు అనేవాళ్ళు గానీ అది మర్యాదకు అనే మాట. వెనక సీటు పీకేసి ఒక చెక్క పలక బిగించాడు. జిల్లా ఆసుపత్రిలో పేదవాళ్ళెవరైనా చనిపోయి, శవాన్ని ఊరికి చేర్చే దారి లేక ఇంటివాళ్ళు గేటు దగ్గర కూలబడితే, ఆ కారు వచ్చి ఆగేది. ఏ ఊరు, ఏ కులం అని స్వామి అడగడు. దోవ మాత్రం అడుగుతాడు. ఆసుపత్రి కాపలావాళ్ళకు ఆయన పేరు తెలియదు. కారు సామి అంటారు.

చలికాలం పొద్దున అది ఒక పట్టాన కదిలేది కాదు. "సామికంటే కారే పెద్ద అచలం" అని శిష్యులు నవ్వుకునేవాళ్ళు. ఆ మాటకు అందరికంటే ఎక్కువ నవ్వేది స్వామే.

ఓబులేసు ఆ కారును మొదటిసారి చూసిన రోజు నవ్వే రోజు కాదు. జ్వరంతో ఆసుపత్రికి తెచ్చిన భార్య అంజినమ్మ మూడోనాడు పోయింది. డిసెంబరు పొద్దు, చేతులు కొంకర్లు పోయే చలి. ఆమెను పలక మీద పడుకోబెట్టి, తను ముందు సీట్లో కూర్చున్నాడు. స్వామి తాళం సగం తిప్పి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా అద్దం కింద చిన్న పసుపుపచ్చ దీపం వెలిగింది. స్వామి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"పోనీ సామీ! ఏమిటికి కూర్చుండావు?" అని ఓబులేసు అరిచాడు.

"దీపం ఆరనీ నాయనా."

ఆ క్షణంలో ఆ ముసలాయన గొంతు పట్టుకోవాలనిపించింది ఓబులేసుకు. పట్టుకోలేదు. అంజినమ్మను మన్నులో కలిపి, నెల తిరక్కముందే ఆశ్రమం గడప తొక్కాడు. ఇక వెనక్కి పోలేదు.

ఈ ఏడు స్వామికి దగ్గు పట్టుకుంది. దగ్గితే రుమాల్లో నెత్తురు. ఊపిరితిత్తులు చెడిపోయాయనీ, ఎక్కువ రోజులు లేవనీ డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఓబులేసుకు అన్నం దిగడంలేదు. స్వామి పోతాడన్నది ఒక దిగులు. తనకు చెప్పకుండానే పోతాడేమోనన్నది ఇంకొకటి. ఏది పెద్దదో అతనికే తెలియదు.

ఒకరోజు పొద్దున్నే ఏట్లో మునిగి, తడిబట్టలతోనే వచ్చి స్వామి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాపాడు.

"సామీ, నువ్వు పోయేలోపల నాకు బోధ చెయ్యి."

 స్వామి మొలతాడుకు కట్టుకున్నదేదో విప్పి, చాపిన చేతుల్లో వేశాడు. కారు తాళం.

"బండి ఇంగ నీదే."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆపుకోలేకపోయారు. పెద్ద శిష్యుడు వీరనారప్ప అయితే పొట్ట పట్టుకున్నాడు. "అచలం అడిగితే చలనం ఇచ్చినాడప్పా సామి!" అన్నాడు. ఓబులేసుకు నవ్వు రాలేదు. సంతోషమూ రాలేదు. ఒకప్పుడు ఊళ్ళో వాళ్ళ ట్రాక్టరు తోలినవాడే గనక స్టీరింగు కొత్త కాదు. కానీ సొంతానికి సైకిలు కూడా లేనివాడు. ఇరవై ఏళ్ళు దాటిన డీజిలు కారును ఏం చేసుకోవాలి?

ఆ మధ్యాహ్నం నుంచే స్వామి నేర్పడం మొదలుపెట్టాడు. పక్క సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని, దగ్గు మధ్య నాలుగు ముక్కలు చెప్పేవాడు.

"తాళం సగమే తిప్పు. లోపల తీగలు కాగుతాయి. దీపం ఆరినాక సెల్ఫ్ కొట్టు. ఆరకముందే కొడితే బ్యాటరీ చస్తాది, బండి లేవదు."

"ఫిల్టరు అడుగున నీళ్ళు చేరుతాయి. వారానికొకసారి మర వదులు చేసి వంచేయ్."

"దూరం పోయొచ్చి వెంటనే ఆపొద్దు. ఒక నిమిషం ఊరికే తిరగనీ. మనిషైనా పరిగెత్తొచ్చి దబ్బున పడుకోడు గదా."

ఓబులేసు అన్నిటికీ తల ఊపేవాడు. ఏ మాట వెనకో బోధ దాగుందేమోనని చెవులు రిక్కించి వినేవాడు. స్వామి మాటల్లో నీళ్ళంటే నీళ్ళే, మర అంటే మరే. రాత్రి పడుకుని మళ్ళీ మళ్ళీ తలచుకున్నా ఇంకేమీ దొరికేది కాదు.

ఆ పరధ్యానంలోనే తప్పు చేశాడు. ఒక ముసలమ్మ శవాన్ని తీసుకుపోతున్నారు. వెనక పలక పక్కన ఆమె కొడుకులిద్దరూ కూర్చున్నారు. ఊరు ఇంకా ఎనిమిది మైళ్ళుందనగా బండి నాలుగుసార్లు ఎగిరి ఆగిపోయింది. ట్యాంకు ఎండిపోయింది. ముందు రోజు చూసుకోమని స్వామి చెప్పనే చెప్పాడు. చూసుకోలేదు.

ఒక కొడుకు ఎవరి బైకో ఎక్కిపోయి క్యానుతో డీజిలు తెచ్చాడు. పోసినా బండి లేవలేదు. "గాలి పట్టింది" అన్నాడు స్వామి. దుప్పటి పక్కనపెట్టి దిగాడు. నేను చేస్తానంటున్న ఓబులేసును పక్కకు జరిపి, ఫిల్టరు నెత్తినున్న బుడిపెను బొటనవేలితో నొక్కుతూ, మర దగ్గర నురగ పోయి డీజిలు తేటగా కారేదాకా గాలి తీశాడు. నడుమ దగ్గు వచ్చి బానెట్టు మీద ఒరిగిపోయాడు. లేచి మళ్ళీ నొక్కాడు. అరగంట పట్టింది. అంతసేపూ ఎండలో ఆ తల్లి శవం పక్కన ఈగలు తోలుతూ కూర్చున్నారు కొడుకులు. ఓబులేసు వాళ్ళ మొహాలు చూడలేకపోయాడు.

స్వామి తిట్టలేదు. కానీ ఆ మర్నాటి నుంచి పొద్దున లేస్తూనే అడిగేవాడు: "ట్యాంకులో డీజిలు ఉండాదా?"

ఉందని చెప్పిన ప్రతిసారీ ఓబులేసుకు ఆ ఎండా, ఆ ఈగలూ గుర్తొచ్చేవి.

మాఘమాసంలో స్వామి పూర్తిగా పడిపోయాడు. ఓబులేసే ఆ కారులో జిల్లా ఆసుపత్రికి తెచ్చాడు. కాపలావాడు కారును చూసి అలవాటు ప్రకారం మార్చురీ వైపు చెయ్యి చూపించాడు. పక్క సీట్లో స్వామిని చూసి చెయ్యి దించుకున్నాడు.

వార్డులో అయిదు రోజులు. ఓబులేసు మంచం కిందే పడుకున్నాడు. ఆరోనాడు తెల్లవారుతుండగా ఎదురు మంచం మీది మనిషి పోయాడు. మొహం మీద దుప్పటి కప్పారు. అతని భార్య గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఓబులేసు అటు చూడనే లేదు. అతని చూపంతా స్వామి ఊపిరి మీదే ఉంది. ఒక్కో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ దొరకదని, స్వామి చెవి దగ్గరికి వంగాడు.

"సామీ, ఇప్పుడైనా చెప్పు. ఒక్క మాట."

స్వామి కళ్ళు తెరిచాడు. ముందు ఎదురు మంచం వైపు చూశాడు. తర్వాత ఓబులేసు వైపు చూశాడు.

"ట్యాంకులో డీజిలు ఉండాదా?"

ఓబులేసు తల దించుకున్నాడు. "సగముంది సామీ."

"చాలదు. పోయి నిండా పోపించుకోని రా."

"ఇప్పుడా సామీ? నిన్ను విడిచిపెట్టా?"

"పోయి రా."

పన్నెండేళ్ళలో స్వామి మాట కాదన్నది లేదు. వెళ్ళాడు. బంకు దగ్గర డీజిలు పడుతున్నంతసేపూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరి గడియలో కూడా ఆ పాత తప్పే ఎత్తి చూపాడే అని కోపం వచ్చింది. అంత కోపం వచ్చినందుకు సిగ్గేసింది.

తిరిగొచ్చేసరికి స్వామి మొహం మీద కూడా దుప్పటి కప్పి ఉంది.

"పావుగంటైంది" అంది నర్సమ్మ.

మంచం కోడు పట్టుకుని ఓబులేసు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బోధ పోయింది. ఆఖరి ఊపిరికి పక్కన ఉండడం కూడా పోయింది. చేతుల్లో మిగిలింది డీజిలు వాసన.

మధ్యాహ్నానికి ఆశ్రమం నుంచి వీరనారప్ప వాళ్ళు వచ్చారు. బంతిపూల దండలు కట్టిన లారీ తెచ్చారు. కారులో తీసుకుపోదామని ఓబులేసు అంటే వీరనారప్ప ఎర్రగా చూశాడు. "ఊరి పీనుగులు మోసే కార్లోనా? సామినా? బుద్ధుండాదా నీకు?" స్వామిని పద్మాసనం వేయించి లారీలో కూర్చోబెట్టారు. పొద్దువాలేలోపల సమాధి చేయాలి. గోతిలో కూర్చోబెట్టి, ఒక్కో శిష్యుడూ పిడికెడు మన్ను వేయాలి. ఓబులేసుకు ఇక మిగిలిన ఆశ ఆ పిడికెడు మన్నే. లారీ వెనకే పోదామని కారు దగ్గరికి నడిచాడు.

కారు ముందు చక్రం పక్కన ఒకామె కూర్చుని ఉంది. ఎదురు మంచం మనిషి భార్య. అతన్ని చాపలో చుట్టి పక్కనే నేల మీద పడుకోబెట్టారు. ఆమె లేచి కొంగు సర్దుకుంది.

"కారు సామి నువ్వేనా?"

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఆయన పోయినాడు. అదో, ఆ లారీలో ఉండాడు చూడు."

ఆమె లారీ వైపు చూసి అయోమయంగా నిలబడింది. "ఆ తాత కాదన్నా. నాకు చెప్పిందే ఆ తాత. పొద్దున నేను ఏడుస్తాంటే చెయ్యెత్తి పిలిచినాడు. కారు సామి డీజిలుకు పోయినాడు, వస్తాడు, నీ మొగున్ని ఊరికి చేరుస్తాడు, ఉండమ్మా అన్నాడు. అప్పటి నుంచి ఈడనే ఉండా."

 ఓబులేసు బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నీ పేరేందమ్మా?"

"సుంకమ్మ."

"దోవ చెప్పు."

ఆమె చెప్పింది. పడమట గుట్టల్లో ఒక పల్లె. ఆశ్రమమేమో తూర్పున, పెన్న ఒడ్డున. ఆ ఊరికి పోయేసరికే పొద్దు గుంకుతుంది. సగం ట్యాంకుతో అయితే పోయి రావడం కుదరదు.

లారీ మీద నుంచి వీరనారప్ప కేకేశాడు. "ఓబులేసూ! ఏం చేస్తాండావు ఆడ? రా, పొద్దు పోతాది. నీ పిడికెడు మన్ను నువ్వు వేయవా?"

బంతిపూల మధ్య నుంచి స్వామి కాళ్ళు కనిపిస్తున్నాయి. పన్నెండేళ్ళు పిసికిన కాళ్ళు. ఎడమకాలి బొటనవేలి గోరు చీలి ఉంటుందని ఓబులేసుకు ఇంత దూరం నుంచీ తెలుసు. అక్కడి నుంచే వంగి, ఎత్తిన రెండు చేతులూ నుదుటికి ఆనించుకున్నాడు. కళ్ళు మసకబారాయి.

"మీరు పోండన్నా. నాకు పనుండాది."

వీరనారప్ప ఇంకా ఏదో అన్నాడు. లారీ కదిలింది. కొమ్ము ఊదిన చప్పుడు గేటు దాటి, రోడ్డు మలుపు దాకా వినిపించింది. ఓబులేసు అటు చూడకుండా సుంకమ్మ మొగున్ని భుజాల కింద చేతులు వేసి ఎత్తి, పలక మీద పడుకోబెట్టాడు. తల కింద స్వామి దుప్పటి మడిచి పెట్టాడు.

సుంకమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఓబులేసు తాళం సగం తిప్పి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. పసుపుపచ్చ దీపం వెలిగింది.

"పోనీ సామీ" అంది ఆమె ఏడుపుగొంతుతో. "ఏమిటికి కూర్చుండావు?"

"దీపం ఆరనీ తల్లీ" అన్నాడు ఓబులేసు.

ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది ఆరింది. ఓబులేసు తాళం పూర్తిగా తిప్పాడు.