రాజుగారు పారేసిన లాప్‌టాప్

రాజులూ లాప్‌టాప్‌లూ కలిసే ఉన్న కాలంలో, ఒక రాజుగారు నల్లతెర తప్ప ఏమీ చూపని తన లాప్‌టాప్‌ను చెత్తకుప్పలో వేయించారు. పాతసామాన్లు ఏరుకునే గవరమ్మ దాన్ని తెచ్చి, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయింది. ప్రతిసారీ సగంలో ఆగిపోయేది. హార్డ్‌డిస్కు చెడిపోయిందని పోల్చుకుని, దాన్ని ఊడదీసి, తన పెన్‌డ్రైవ్‌లోకే లినక్స్ ఎక్కించింది. లాప్‌టాప్ లేచి కూర్చుంది. పేటలోని నేతవాళ్ల ఆడపిల్లలు దానిమీద చీర అంచులకు బొమ్మలు గీయసాగారు.

సంగతి తెలిసి రాజుగారు గవరమ్మ ఇంటిముందు పల్లకీ దిగారు.

"పారేసినా మాది మాదే! ఇచ్చెయ్. నీది ఒక్క స్క్రూ కూడా మాకొద్దు."

"పిన్నీ, మన నెమలి సగమే అయింది!" అంది ఒక పిల్ల ఏడుపు గొంతుతో.

"ఉండవే," అని గవరమ్మ పాత డిస్కు బిగించి, పెన్‌డ్రైవ్ పీకి, లాప్‌టాప్‌ను రాజుగారి చేతికిచ్చింది.

రాజుగారు బటన్ నొక్కారు. మళ్లీ అదే నల్లతెర.

"పాడుచేశావా?"

"లేదు ప్రభూ. తమరు పారేసిన రోజున ఎలా ఉందో అలాగే ఇచ్చాను. నాది ఒక్కటే తీసుకున్నాను."

రాజుగారికి నవ్వు ఆగలేదు. "మరి మాకూ గీయాలని ఉందే!"

"రండి ప్రభూ. వీళ్ల నెమలి పూర్తయ్యాక తమరి వంతు," అని గవరమ్మ పెన్‌డ్రైవ్ మళ్లీ గుచ్చింది.

రాజుగారు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని, పిల్లల వెనక చాప మీద కూర్చున్నారు.